మీరు అడిగిన్రు: గోడెల్ సిద్ధాంతం మిషన్ తెలివికి అడ్డం పడతదా?

పోయిన నెల ఇదే కాలమ్‌ల "లెక్కల్ల రుజువు చేయలేని నిజాలు కూడ ఉంటయి" అని ఒక్క వాక్యం రాసి వదిలేసిన, దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తయని అనుకోలె. సగానికి ఎక్కువ మంది అడిగింది ఒక్కటే: అయితే ఏఐకి మనిషంత తెలివి ఎన్నటికీ రాదన్నట్టేనా సార్ అని. అందుకే ఈ నెల మొత్తం దాని మీదనే రాస్తున్న, మిగిలిన ప్రశ్నలు వచ్చే నెల.

బీటెక్ స్టూడెంట్, హన్మకొండ: సార్ నమస్తే. కంప్యూటర్ ఎన్నటికీ మనిషి లెక్క ఆలోచించలేదని గోడెల్ అనే ఆయన 1931 లనే రుజువు చేసిండని ఒక వీడియోల చెప్పిన్రు. మా హాస్టల్ల దీని మీద రాత్రి రెండింటి దాక కొట్లాడినం. నిజమేనా?

తమ్ముడూ, 1931 ల మనం ఇప్పుడు అనుకునే కంప్యూటరే లేదు. ఆయన రుజువు చేసింది వేరే, అది ముందు సరిగ్గ అర్థం చేసుకుంటే మీ హాస్టల్ పంచాయితీ సగం తీరుతది.

ఆ కాలంల పెద్ద పెద్ద లెక్కల పండితులకు ఒక ఆశ ఉండె. కొన్ని స్వీకృతాలు పెట్టుకోవాలె (స్వీకృతం అంటే పదో తరగతిల చదివినం గదా, రుజువు అడగకుండ ఒప్పుకునే మాట), కొన్ని నియమాలు పెట్టుకోవాలె, ఇగ ఆ నియమాల తోటి ఒక్కొక్క మెట్టు ఎక్కుకుంట పోతే సంఖ్యల గురించి ఉన్న నిజాలన్ని ఎప్పటికన్న ఒకప్పుడు రుజువైతయి, ఏదీ మిగలదు, ఎక్కడ కూడ ఒకదానికొకటి ఎదురు తిరగదు అని. ఈ ఆశకు పెద్ద దిక్కు జర్మనీ ఆయన హిల్బర్ట్. 1930 సెప్టెంబర్ 8 న కోనిగ్స్‌బర్గ్‌ల ఆయన ఉపన్యాసం ఇస్తూ మనం తెలుసుకోవాలె, తెలుసుకుని తీరుతం అన్నడు, ఆ మాటనే తర్వాత ఆయన సమాధి మీద చెక్కిన్రు. అయితే దానికి ఒక్క రోజు ముందు అదే ఊర్ల, వేరే సభల, 24 ఏండ్ల లెక్కల పండితుడు కుర్ట్ గోడెల్ మెల్లగ లేచి ఆ ఆశ నెరవేరదని చెప్పిండు. ఆ రోజు దాన్ని పట్టించుకున్నోళ్లు చాలా తక్కువ. కాగితం మీద అచ్చయింది తెల్లారి ఏడు, 1931 ల.

ఆయన చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తది. మన దగ్గర ప్రతి మనిషికి ఒక ఆధార్ నంబర్ ఉన్నట్టు, లెక్కల్ల రాసే ప్రతి వాక్యానికి, ప్రతి రుజువుకు ఒక నంబర్ ఇచ్చిండు, ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7 వాటి ఘాతాలతోటి, ఏ రెండు వాక్యాలకు ఒకే నంబర్ పడకుండ. ఇప్పుడు ఏమైంది, సంఖ్యల గురించి మాట్లాడే వాక్యాలు వాక్యాల గురించి కూడ మాట్లాడొచ్చు, ఎందుకంటే వాక్యం కూడ ఒక సంఖ్యనే అయింది గదా. ఆ తొవ్వల పోయి ఆయన ఒక వాక్యం కట్టిండు, దాని అర్థం ఏందంటే "ఈ నియమాల తోటి నాకు రుజువు లేదు". అది తన గురించి తనే చెప్తున్నది. ఒకవేళ దానికి రుజువు దొరికిందనుకో, అప్పుడు ఆ పద్ధతి (స్వీకృతాలు, నియమాలు అన్ని కలిపి పద్ధతి అంటున్న) ఒక అబద్ధాన్ని రుజువు చేసినట్టు. దొరకకపోతే అది చెప్పింది నిజమే, కానీ ఆ పద్ధతికి అందని నిజం. దీన్నే మొదటి అసంపూర్ణతా సిద్ధాంతం అంటరు.

సరే నిజమే గదా, దాన్నే కొత్త స్వీకృతం కింద చేర్చుకుందం అంటవా, చేర్చుకో. చేర్చినంక అది కొత్త పద్ధతి అయితది, దానికి ఇంకో వాక్యం పుడతది. ఎన్ని చేర్చినా ఒకటి బయటనే ఉంటది.

రెండో సిద్ధాంతం కూడ ఉన్నది, నాలో వైరుధ్యం లేదు (అంటే ఒకదానికొకటి ఎదురు తిరిగే మాటలు లేవు) అని ఆ పద్ధతి తనకు తాను ఎన్నటికీ రుజువు చేసుకోజాలదు. నీ సర్టిఫికెట్ మీద నువ్వే గెజిటెడ్ సంతకం పెట్టుకుంటే ఆఫీసుల తీసుకోరు గదా, ఇక్కడ అంతకంటే గట్టిది, తన మీద తాను సంతకం పెట్టుకున్నదంటేనే అది దొంగ సర్టిఫికెట్ అని తేలిపోతది.

అయితే ఇక్కడ షరతులు మర్చిపోవద్దు, వీడియోలు చేసెటోళ్లు వీటినే వదిలేస్తరు. నియమాలు ఒక మిషన్ వరసగ రాసియ్యగలిగేటివి అయి ఉండాలె, వైరుధ్యం ఉండొద్దు, కూడిక గుణకారం రెండూ చెప్పగలగాలె. గుణకారం తీసేసి కూడిక ఒక్కటే ఉంచితే 1929 లనే ప్రెస్‌బర్గర్ అనే ఆయన అది సంపూర్ణమే, అంటే దాంట్ల రుజువుకు అందని నిజం మిగలదు అని చూపెట్టిండు. కాబట్టి "ప్రపంచంల ఏదీ సంపూర్ణం కాదని గోడెల్ చెప్పిండు" అనే డైలాగ్ ఎవరన్న కొడితే నమ్మొద్దు. ప్రేమ గురించి, రాజ్యాంగం గురించి, మనిషి మనసు గురించి ఆ సిద్ధాంతంల ఒక్క అక్షరం లేదు.

మిషన్ సంగతి వచ్చింది 1936 ల, ఇంగ్లండ్ లెక్కల పండితుడు ట్యూరింగ్‌తోటి. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతదా ఆగదా అని ముందే చెప్పగలిగే ప్రోగ్రామ్ ఉండదు అని ఆయన రుజువు చేసిండు. నువ్వు బీటెక్ కాబట్టి నీకు ఇది సిలబస్‌ల వస్తది, గోడెల్ సిద్ధాంతం, ఇది అక్కచెల్లెండ్లు. ఇవి రెండూ మిషన్‌కు ఒక హద్దు ఉన్నదని చెప్తయి, అంతవరకు నిజం. మనిషికి ఆ హద్దు లేదని మాత్రం ఎక్కడా చెప్పలె.

రిటైర్డ్ టీచర్, జనగామ: నోబెల్ వచ్చిన పెన్రోజ్ గారే మనిషి బుద్ధి కంప్యూటర్ కాదని గోడెల్ ఆధారంగా వాదించారు కదా. ఆయన కంటే మనకు ఎక్కువ తెలుసా?

గురువుగారూ, నమస్కారం. ఆయన కంటే మనకు ఎక్కువ తెల్వదు, అయినా ఆయన వాదనను తూకం వేయకుండ ఉండలేం. పెన్రోజ్‌కు 2020 ల నోబెల్ వచ్చింది బ్లాక్ హోల్స్ పని మీద, ఈ వాదన మీద కాదు. ఈ వాదనకు పేరు తెచ్చింది ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త లూకాస్, 1961 ల అచ్చయింది, పెన్రోజ్ 1989 ల ఒకసారి 1994 ల ఇంకోసారి దాన్ని గట్టిపరిచి పుస్తకాలు రాసిండు.

వాదన వినడానికి చాలా అందంగ ఉంటది. నా ముందు ఏ మిషన్ పెట్టినా, దానికి అందని ఆ వాక్యం ఒకటి ఉంటది, అది రుజువు చేయలేకపోతది, కానీ బయట నిలబడి చూస్తున్న నాకు అది నిజమని తెలుస్తున్నది, కాబట్టి నేను ఆ మిషన్‌ను కాదు, ఏ మిషన్‌ను కూడ కాదు. నేను మొదటిసారి చదివిన రోజు ఇంటికి నడుచుకుంట పోతూ మనిషిగ పుట్టినందుకు మస్తు సంబరపడ్డ, అబద్ధం చెప్పను.

కానీ ఎక్కడ తెగిందంటే, ఆ వాక్యం నిజమని నాకు "తెలుస్తున్నది" అన్నం గదా, అదే చోట. మనకు తెలిసింది నిజానికి ఒక షరతు మాట, "ఆ మిషన్‌ల వైరుధ్యం లేకపోతే ఆ వాక్యం నిజం" అని, గంతే. ఆ షరతు మాటను మిషన్ కూడ తన లోపలనే రుజువు చేయగలదు, గోడెల్ రెండో సిద్ధాంతం పుట్టిందే అట్ల. మిషన్‌ల వైరుధ్యం లేదని మనకు ఎట్ల తెలిసింది? చిన్న మిషన్ అయితే చూసి చెప్పొచ్చు. మనిషి మెదడంత పెద్ద మిషన్ అయితే దాని నియమాలన్ని చదివి ఇందుల ఎక్కడ కూడ వైరుధ్యం లేదు అని చెప్పగలిగే మొగోడు ఎవరు? ఇంకో మాట, మన లోపల వైరుధ్యం లేదని ఎవరు సంతకం పెడతరు? పొద్దుగాల ఒకటి నమ్మి రాత్రికి దానికి ఎదురుది నమ్మేటోళ్లం మనం, ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిన నేనే బోర్డు మీద తప్పు వేసి పిల్లలు చెప్తే తుడిచిన రోజులు ఎన్నో ఉన్నయి.

గోడెల్ తానే ఏమన్నడో చూడండి, పెన్రోజ్ కంటే జాగ్రత్తగ అన్నడు. 1951 ల ఒక ఉపన్యాసంల రెండిట్ల ఒకటి నిజం కావాలె అన్నడు: మనిషి బుద్ధి ఏ మిషన్‌కూ అందనంత పెద్దదన్న కావాలె, లేదంటే మనిషికి కూడ ఎన్నటికీ తేలని లెక్కలన్న ఉండాలె. ఆయన మనసు మొదటి దాని వైపు ఉండె, కానీ అది రుజువైందని ఆయన అనలె. నా మటుకు నాకు రెండోదే నిజమనిపిస్తది, అంటే మనకు కూడ హద్దు ఉన్నది, ఎక్కడ ఉన్నదో మనకు కనబడదు. దీంట్ల నాకు అవమానం ఏం అనిపిస్తలేదు.

ట్యూరింగ్ 1947 ల లండన్‌ల చెప్పిన ఒక మాట ఈ మొత్తం చర్చల నాకు అన్నిటికంటే విలువైనదిగ కనబడతది. ఎన్నడూ తప్పు చేయొద్దని మిషన్‌కు షరతు పెడితే అది తెలివైంది కూడ కానేరదు అని ఆయన అన్నదాని భావం. గోడెల్ సిద్ధాంతం పట్టేది తప్పు చేయని పద్ధతిని. తప్పు చేయనిస్తే, ఊహించనిస్తే, ఊహ తప్పయితే వెనక్కి రానిస్తే, ఆ సిద్ధాంతం ఆ ఊహలను ఆపదు, రుజువును మాత్రమే ఆపుతది. ఇప్పుడున్న చాట్ ఏఐలు ఒకే ప్రశ్నకు పొద్దున ఒకటి సాయంత్రం ఇంకోటి చెప్తున్నయి గదా, వాటికి గోడెల్ షరతే సరిగ్గ అతకదు.

డిగ్రీ సెకండియర్, పెద్దపల్లి: సార్, రామానుజన్‌కు నామగిరి దేవత కలల సూత్రాలు చెప్పిందంటరు. అట్లాంటిది మిషన్‌కు ఎట్ల వస్తది?

బిడ్డా, ఆ కల సంగతి ఆయన నమ్మకం, దాన్ని నేను తీసెయ్యను. కానీ నువ్వు ఇంకో సంగతి కూడ చూడాలె. 1913 జనవరిల ఆయన ఇంగ్లండ్ లెక్కల పండితుడు హార్డీకి రాసిన ఉత్తరం ఉన్నది చూడు, మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌ల గుమాస్తా చేసుకుంట రాసింది, దాంట్ల ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉంటయో దాదాపు కచ్చితంగ చెప్పొచ్చని ఆయన అన్న మాట తప్పు. అదే ఉత్తరంల ఉన్న కొన్ని సూత్రాలు ఎంత లోతయినవంటే హార్డీకి వాటిని ఎట్ల రుజువు చేయాల్నో కూడ తెల్వలె, ఇవి నిజమే అయి ఉండాలె, ఎందుకంటే ఇట్లాంటివి ఉత్తగ ఊహించి రాసే శక్తి ఎవరికీ ఉండదు అన్నట్టు ఆయన తర్వాత రాసుకున్నడు. ఒకే చేయి, ఒకే కాగితం, ఒకటి తప్పు ఇంకోటి వందేండ్లు నిలబడే ఒప్పు.

రుజువు లేకుండ ముందు నిజం కనబడుడు అనేది ఆయనల ఉండె. అది నియమాల మెట్లు ఎక్కి పోవుడు కాదు. కానీ లోపట ఏమున్నదంటే చిన్నప్పటి సంది పలక మీద వేల వేల లెక్కలు వేసి తుడిచి, వేసి తుడిచి చేయి తిరిగిన అలవాటు ఉన్నది. కాగితం కొనే పైసలు లేక పలక మీద చేసి జవాబు ఒక్కటే నోట్‌బుక్‌ల ఎక్కిచ్చేటోడు.

మిషన్‌కు అట్ల వస్తదా అంటే, కొంచెం వస్తున్నట్టే ఉన్నది. 2016 మార్చిల ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ కొరియా ఆటగాడు లీ సెడాల్‌తోటి గో ఆట (నల్ల తెల్ల రాళ్లతోటి బోర్డు మీద ఆడేది) ఆడుతూ రెండో గేమ్‌ల 37 వ ఎత్తు వేసింది, చూస్తున్న పెద్ద ఆటగాళ్లు ముందు అది పొరపాటు అనుకున్నరు, తర్వాత అదే గేమ్‌ను తిప్పింది. నాలుగో గేమ్‌ల లీ సెడాల్ 78 వ ఎత్తు వేసి ఆ మిషన్‌ను ఓడగొట్టిండు, అది కూడ ఎవరూ అనుకోని ఎత్తే. రెండిట్ల ఏది సృజన ఏది కాదు అని నన్ను విడదీయమంటే నేను విడదీయలేను బిడ్డా, ఎత్తును ఒక్కదాన్నే చూస్తే రెండూ సృజనే. తేడా ఉంటే ఎత్తుల లేదు, ఎత్తు వేసినోనికి అది ఏమైంది అన్న దగ్గర ఉన్నది. ఓడిపోయిన రాత్రులు లీ సెడాల్‌కు నిద్ర పట్టి ఉండదు అనుకుంట, మిషన్‌కు ఆ బాధ లేదు.

ఒక పాఠకుడు, కరీంనగర్: గోడెల్ దేవుడున్నడని కూడ లెక్కతోటి రుజువు చేసిండట, నిజమా?

ఆయన కాగితాలల్ల అట్లాంటిది ఉన్నది, బతికుండంగ అచ్చు వేయలె. అసంపూర్ణతా సిద్ధాంతానికి దానికి సంబంధం లేదు. కానీ మన విషయానికి పనికొచ్చే ఒక ముచ్చట ఉన్నది: 2010 ల తర్వాత ఇద్దరు పరిశోధకులు ఆ వాదనను కంప్యూటర్‌కు ఇచ్చి పరీక్షిస్తే, గోడెల్ రాసుకున్న అసలు స్వీకృతాలల్లనే వైరుధ్యం ఉన్నదని ప్రోగ్రామ్ పట్టుకున్నది, వేరే ఆయన చిన్న మార్పు చేసిన రూపంల మాత్రం వైరుధ్యం లేదు. ఇరవయ్యో శతాబ్దంల అంతటి తర్కం తెలిసిన మనిషి, ఆయన కంట్లనే పడని తప్పు. పైన జనగామ గురువుగారికి నేను రాసిన జవాబుకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

నేత కుటుంబం, కొత్తవాడ, వరంగల్: మా బాపు దర్రీలు నేస్తడు. ఇప్పుడు ఫోన్‌ల ఏఐని అడిగితే నిమిషంల యాభై డిజైన్లు ఇస్తున్నది. మిషన్ సృజన చేయలేదని గోడెల్ చెప్పింది నిజమైతే మాకు కొంచెం ధైర్యం ఉంటది సార్.

తమ్ముడూ, నీ ఉత్తరం రెండు రోజులు పక్కన పెట్టి ఆలోచించిన. నీకు ధైర్యం చెప్పాలని నాకూ ఉన్నది, కానీ గోడెల్ పేరు మీద చెప్తే అది అబద్ధమైతది.

ఎందుకో చూడు. డిజైన్‌ను గళ్ల కాగితం మీద వేస్తరు గదా, అడ్డం వంద గళ్లు నిలువు వంద గళ్లు అనుకో, రంగులు నాలుగు. ఒక్కొక్క గడికి నాలుగు రంగుల్ల ఏదో ఒకటి, అంటే మొత్తం డిజైన్లు నాలుగును పదివేల సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య, దాంట్ల 6,021 అంకెలు ఉంటయి. పిచ్చి పెద్ద సంఖ్యే, కానీ దానికి అంతం ఉన్నది. మీ బాపు ఇప్పటిదాక నేసినవి, ఇక ముందు నేయబోయేవి అన్నీ ఆ లిస్ట్‌లనే ఉన్నయి, ఒక పిచ్చి ప్రోగ్రామ్ వరసగ రాసుకుంట పోతే సిద్ధాంతం ప్రకారం అన్నీ వస్తయి. గోడెల్ చెప్పింది అంతం లేని సంఖ్యల లోకం గురించి, ఇక్కడ ఆయనకు పని లేదు.

మరి మీ బాపు చేసేది ఏంది? ఆ లిస్ట్‌ల దాదాపు మొత్తం చెత్త, టీవీల సిగ్నల్ పోయినప్పుడు వచ్చే చుక్కల లెక్క. దాంట్ల నుంచి ఒకటి ఏరి, ఇది నేలన పరిస్తే బాగుంటది, ఈ అంచుకు ఈ ఎరుపు నప్పుతది, ఈ మూల వంపు మగ్గం మీద నూలు పట్టుకుంటది అని తేల్చుడు. ఏఐ కూడ అదే ఏరుడు పని చేస్తున్నది, మీ బాపు లాంటోళ్లు ఇన్నేండ్లు ఏరిన వాటి బొమ్మలు చూసి నేర్చుకొని. కాగితం మీది బొమ్మ వరకు దాంతోటి పోటీ కష్టమే, ఇంకా కష్టమైతది. మగ్గం మీద కూసున్నప్పుడు దారం చెప్పే మాట దానికి ఇంక అందలె, దానికి గజం గజం అనుభవం లేదు. బొమ్మల మంచిగ కనబడి నేస్తే ముడుచుకుపోయే డిజైన్ ఏదో మీ బాపు చూడంగనే చెప్తడు, ఆయనను అడిగి ఆ యాభై డిజైన్లల్ల ఎన్ని నిలబడతయో లెక్క తీయి.

వరంగల్ దర్రీలకు 2018 ల జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదే అని సర్కారు ఇచ్చే ముద్ర) వచ్చింది, ఆ పేరు మీద ఎక్కడోళ్లో అమ్ముకోకుండ అది కొంత కాపాడుతది. నూలు ధర, కూలి, కొనేటోళ్లు, ఇవి సర్కారుతోటి, సొసైటీతోటి కొట్లాడి తెచ్చుకునేటివి. ఏ లెక్కల సిద్ధాంతం తెచ్చి ఇయ్యదు తమ్ముడూ.

ఒక తల్లి, మంచిర్యాల: మా బాబు ఇంటర్ ఎంపీసీ. లెక్కలన్నీ ఏఐ చేస్తున్నది, నేనెందుకు నేర్చుకోవాలె అంటున్నడు. ఏం చెప్పాలె సార్?

అమ్మా, వాడు అడిగింది మంచి ప్రశ్న, తిట్టకండి. ఏఐ లెక్కలు చేస్తున్న మాట నిజం. 2024 ల గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల ప్రోగ్రామ్‌లు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కలు ఆరింట్ల నాలుగు చేసి 28 మార్కులు తెచ్చుకున్నయి, వెండి పతకం స్థాయి. తెల్లారి ఏడు ఆరింట్ల ఐదు, బంగారు స్థాయి. ఇది తక్కువ పని అని నేను అనను.

నాదొక బాధ చెప్తా. చాలా ఏండ్ల కింద స్పాట్ వాల్యుయేషన్ల ఒక పిల్లగాని పేపర్ వచ్చింది. రేఖాగణితం లెక్క, మాకు ఇచ్చిన స్కీమ్‌ల ఉన్న పద్ధతి కాదు, వాడు ఏదో వేరే తొవ్వల పోయిండు. రోజుకు ఇన్ని పేపర్లని లెక్క, టైమ్ లేదు, స్కీమ్‌తోటి కలవలేదని సున్నా వేసి తిప్పేసిన. రాత్రి ఇంటికి వచ్చి అన్నం తింటుంటే ఎందుకో ఆ తొవ్వ యాదికొచ్చి కాగితం మీద వేసి చూసిన, అది కరెక్టే. స్కీమ్ కంటే చిన్నగ, చక్కగ ఉన్నది. తెల్లారి పోయేసరికి ఆ కట్ట సీల్ అయి పోయింది. ఆ పిల్లగాడు ఎవరో నాకు తెల్వదు, అయినా ఇన్నేండ్లయినా మర్చిపోలేకపోతున్న. నేను ఆ రోజు చేసిన పని నిజంగ మిషన్ పని, ఇచ్చిన నియమాలల్ల లేదు కాబట్టి తప్పు అన్న.

ఎవరన్న పెట్టిన నియమాల లోపట జవాబు తీసుడు మీ బాబుకు ఏఐ చేసి పెట్టొచ్చు. ఆ నియమాలు చాలవని ఎప్పుడు తెలుస్తది, కొత్త నియమం ఏది తీసుకోవాలె, తీసుకుంటే ఏం పోతది ఏం వస్తది, అది లోపల దిగి కొంచెం చేయి కాలినోనికే తెలుస్తది. యూక్లిడ్ ఐదో స్వీకృతాన్ని (సమాంతర రేఖల సంగతి) మిగిలిన నాలుగింటి నుంచి రుజువు చేద్దమని రెండు వేల ఏండ్లు కొట్టుకున్నరు, చివరికి బొల్యాయి, లొబచెవ్‌స్కీ దాన్ని పక్కన పెడితే ఏమైతది అని అడిగిన్రు, కొత్త జ్యామితి పుట్టింది, ఆ వరసల వచ్చిన జ్యామితి మీదనే 1915 ల ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణను నిలబెట్టిండు. రేపు మిషన్ కూడ అట్ల అడగొచ్చు, అడగదని నేను పందెం కాయను. అడిగిననాడు అది పనికొచ్చే ప్రశ్ననా కాదా అని తేల్చేటందుకు లెక్క తెలిసిన మనిషి ఉండాలె గదా.

బాబుకు ఒక పని చెప్పండి, ఫోన్ పక్కన పెట్టి కాగితం మీద చేయమనండి. 3 తీసుకోవాలె. దాన్ని 2 ఆధారంగ రాయాలె, 2 + 1. ఇప్పుడు 2 ఉన్న ప్రతి చోట 3 పెట్టి, వచ్చిన దాంట్ల నుంచి 1 తీసెయ్యాలె: 3 + 1 నాలుగు, ఒకటి పోతే 3. తర్వాత 3 ఉన్న చోట 4 పెట్టి మళ్ల 1 తీసెయ్యాలె, మళ్ల 3 వస్తది. తర్వాత 4 ఉన్న చోట 5, ఇట్లనే. 3, 3, 3, 2, 1, 0, ఆరింటికి అయిపోతది. ఇప్పుడు 4 తోటి మొదలు పెట్టమనండి. 4 అంటే 2 మీద ఘాతం 2, ఘాతంల ఉన్న 2 ను కూడ మార్చాలె, అప్పుడు 3 మీద ఘాతం 3, అంటే 27, ఒకటి పోతే 26. 26 ను 3 ఆధారంగ రాస్తే 2×9 + 2×3 + 2, ఆ 9 అంటే 3 మీద ఘాతం 2; 3 ఉన్న చోట 4 పెడితే 42, ఒకటి పోతే 41. ఇట్లనే ఆ తర్వాత 60, 83, 109, పెరుగుకుంటనే పోతది. అయినా ఇది కూడ ఒక రోజు సున్నాకు వస్తది. ఎన్ని మెట్లకు అంటే ఆ సంఖ్యల 12 కోట్లకు పైగ అంకెలు ఉంటయి. ఏ సంఖ్యతోటి మొదలు పెట్టినా సున్నాకే వస్తదని 1944 ల గుడ్‌స్టైన్ రుజువు చేసిండు, అంతం లేని సంఖ్యల సాయం తీసుకొని. ఆ సాయం లేకుండ మామూలు అంకగణిత స్వీకృతాలు ఒక్కటే పట్టుకుంటే దీన్ని ఎన్నటికీ రుజువు చేయలేరని 1982 ల కిర్బీ, పారిస్ అనే ఇద్దరు తేల్చిన్రు. గోడెల్ చెప్పిన నిజం అంటే ఇదిగో, పిల్లగాని చేతుల పెట్టి చూపెట్టగలిగేది.

4 తోటి ఓ ఇరవై వరసలు రాసినంక, ఇంత పెరిగేది కిందికి ఎందుకు దిగుతదో వాడు ఏమనుకుంటున్నడో నాకు రాయమనండి. తప్పయినా సరే, వాని సొంత మాటల్ల రాయాలె. వచ్చే నెల ఆ ఉత్తరంతోటే మొదలు పెడతా.